రైఫిల్ షూటింగ్: ‘నా గురి పక్కా’ అనుకుంటున్నారా? 500 మీటర్ల కంటే ముందు 10 మీటర్ల దగ్గర నేర్చుకోవాల్సినవి ఇవే

మొబైల్ గేమ్‌లో స్నైపర్ రైఫిల్ తీసుకుని కొండ మీద నుంచి హెడ్‌షాట్ కొట్టడం ఈజీ. సినిమాలో హీరో ఒంటి చేత్తో తుపాకీ పట్టి కిలోమీటరు అవతల ఉన్న విలన్‌ని లేపేయడం ఇంకా ఈజీ. ఏడుపాయల జాతరలో బెలూన్ల స్టాల్ దగ్గర పదికి పది పగలగొట్టిన కుర్రాడైతే ఇక ఆగడు. ‘మనకు గురి పుట్టుకతోనే వచ్చింది’ అని ఫిక్స్ అయిపోతాడు.

అలాంటి వాళ్లు షూటింగ్ రేంజ్‌కు వచ్చి మొదట అడిగే ప్రశ్న ఒకటే. ‘సార్, లాంగ్ రేంజ్ ఎప్పుడు కొట్టిస్తరు?’

కోచ్‌లు మాత్రం వాళ్లను 10 మీటర్ల లైన్ దగ్గరే నిలబెడతారు. వారాలు, నెలలు అక్కడే. ఎందుకు? ఆ 10 మీటర్లలో ఏం నేర్పుతారు? మెదక్ జిల్లా నిజాంపేట లాంటి ఊరి నుంచి ఈ ఆటలోకి రావాలంటే దారి ఏంటి? చట్టం ఏం చెబుతోంది? పూర్తి వివరాలు చూద్దాం.

దూరం తప్పును పుట్టించదు.. పెంచి చూపిస్తుంది

ముందు ఒక చిన్న లెక్క. పోటీల్లో వాడే రైఫిల్ మీద కంటి దగ్గర ఒక సైట్, బ్యారెల్ చివర ఒక సైట్ ఉంటాయి. ఈ రెండింటి మధ్య దూరం 80 సెంటీమీటర్లు అనుకుందాం. గురి చూసేటప్పుడు ముందు సైట్ కేవలం 0.1 మిల్లీమీటరు పక్కకు జరిగింది. అంటే దాదాపు ఒక కాగితం మందం. అప్పుడు గుండు ఎంత పక్కకు పోతుంది?

- 10 మీటర్ల దగ్గర: 1.25 మిల్లీమీటర్లు
- 50 మీటర్ల దగ్గర: 6 మిల్లీమీటర్లకు పైగా
- 300 మీటర్ల దగ్గర: దాదాపు 4 సెంటీమీటర్లు
- 500 మీటర్ల దగ్గర: 6 సెంటీమీటర్లకు పైగా
- 1000 మీటర్ల దగ్గర: 12.5 సెంటీమీటర్లు

తప్పు అన్నిచోట్లా అదే, కాగితం మందమంత. దూరం దాన్ని పెద్దది చేసి చూపించిందంతే. పైగా ఇది సైట్ తప్పు ఒక్కటే. ట్రిగ్గర్ లాగినప్పుడు చెయ్యి కదలడం, ఊపిరి, గుండె చప్పుడు, గాలి.. ఇవన్నీ దీని మీద కలుస్తాయి.

500 మీటర్ల దగ్గర మిస్ అయితే కొత్తవాడు ‘గాలి తీసుకుపోయింది’ అంటాడు. అది గాలో, వేలో తేల్చడం అక్కడ కష్టం. 10 మీటర్ల ఇండోర్ రేంజ్‌లో గాలి ఉండదు, ఎండ ఉండదు. మిస్ అయితే సాకు చెప్పడానికి ఏమీ మిగలదు. కోచ్‌లు అక్కడే మొదలుపెట్టడానికి అసలు కారణం ఇదే.

బెలూన్ వేరు, టార్గెట్ వేరు

జాతర స్టాల్‌లో బెలూన్ 15 సెంటీమీటర్ల వెడల్పు, దూరం 3 మీటర్లు అనుకోండి. అదే లెక్కన 10 మీటర్ల దగ్గర పెడితే అర మీటరు వెడల్పున్న బోర్డుతో సమానం. దాన్ని కొట్టకపోతేనే ఆశ్చర్యం.

మరి ఒలింపిక్స్‌లో వాడే 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్? మొత్తం వలయాలన్నీ కలిపినా వెడల్పు 45.5 మిల్లీమీటర్లు. మధ్యలో 10 పాయింట్ల చుక్క కేవలం 0.5 మిల్లీమీటరు. పెన్నుతో పెట్టిన చుక్కంత. పెల్లెట్ వెడల్పు 4.5 మిల్లీమీటర్లు కాబట్టి దాని అంచు ఆ చుక్కను తాకితే 10 వస్తుంది. 50 మీటర్ల రైఫిల్ టార్గెట్‌లో 10 వలయం 10.4 మిల్లీమీటర్లు, 300 మీటర్ల టార్గెట్‌లో 100 మిల్లీమీటర్లు.

తుపాకీ కంటే ముందు చట్టం

ఇది స్కిప్ చేయకండి. ఆట కంటే ఇదే ముఖ్యం.

మన దేశంలో తుపాకీ కొనాలన్నా, దగ్గర పెట్టుకోవాలన్నా ఆయుధాల చట్టం, 1959 ప్రకారం లైసెన్స్ ఉండాల్సిందే. మామూలుగా 21 ఏళ్లు నిండనివారికి లైసెన్స్ ఇవ్వరు. చిన్న వయసు క్రీడాకారులు గుర్తింపు ఉన్న క్లబ్‌లో, కోచ్ పర్యవేక్షణలో, నిబంధనల ప్రకారం ప్రాక్టీస్ చేస్తారు. లైసెన్స్ లేని నాటు తుపాకీ దగ్గర ఉంటే అది జైలుకు పంపే నేరం.

ఎయిర్ రైఫిల్ విషయంలో కొంత వెసులుబాటు ఉంది. పాయింట్ 177, అంటే 4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జౌళ్లకు మించని శక్తి ఉన్న ఎయిర్ గన్‌లకు లైసెన్స్ అవసరం లేదు. అలాగని అది బొమ్మ కాదు. దగ్గర నుంచి తగిలితే కన్ను పోతుంది.

సైన్యం, పోలీసులు వాడే 7.62 లాంటి సర్వీస్ బోర్లు సాధారణ పౌరులకు నిషేధం. అందుకే 300 మీటర్లు, ఆపై దూరాల సాధన మన దగ్గర ఎక్కువగా సైన్యం, పోలీసు రేంజ్‌లలోనే జరుగుతుంది. మామూలు కుర్రాడికి అందుబాటులో ఉన్నవి 10 మీటర్ల ఎయిర్ రైఫిల్, 50 మీటర్ల పాయింట్ 22 రైఫిల్.

పెళ్లి బరాత్‌లో సరదాకు గాల్లోకి కాల్చినా నేరమే. 2019 సవరణ ప్రకారం ఇతరుల ప్రాణాలకు ముప్పు తెచ్చే అలాంటి కాల్పులకు రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

మక్కచేను పాడు చేస్తోందని అడవిపంది మీద సొంతంగా తుపాకీ ఎత్తడం కూడా కుదరదు. అటవీశాఖ అనుమతి లేకుండా వన్యప్రాణుల మీద కాల్పులు జరిపితే వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద కేసు అవుతుంది.

చట్టం ఇంత గట్టిగా ఎందుకుందంటే గుండు ఎక్కడ ఆగుతుందో కాల్చినవాడికి తెలియదు. చిన్నదని అందరూ తేలిగ్గా తీసుకునే పాయింట్ 22 గుండు కూడా ఒకటిన్నర కిలోమీటరుకు పైగా పోగలదు. 7.62 గుండు అయితే మూడు కిలోమీటర్లు దాటుతుంది. మీ చేను గట్టు మీద నిలబడి లెక్కేసుకోండి. ఒకటిన్నర కిలోమీటరు అంటే పక్క ఊరి బడి కావచ్చు, బస్టాండ్ కావచ్చు. పొలాల దగ్గర, చెరువు కట్ట మీద ‘ప్రాక్టీస్’ అనే మాటే వద్దు. వెనక మట్టి గోడ, పక్కన అడ్డుగోడలు, ముందు రూల్స్ ఉన్న రేంజ్‌లోనే తుపాకీ పట్టాలి.

మొదటి రోజు: నాలుగు రూల్స్, నో ఫైరింగ్

మంచి కోచ్ మొదటి రోజు గుండు ఇవ్వడు. ఈ నాలుగూ నోటికి వచ్చేదాకా చెప్పిస్తాడు.

1. ప్రతి తుపాకీలో గుండు ఉన్నట్టే అనుకోవాలి. ‘ఖాళీదే’ అన్న మాటకు విలువ లేదు. చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ తెరిచి చూసుకోవాలి.
2. కాల్చకూడని దేనివైపూ బ్యారెల్ తిప్పకూడదు. సెల్ఫీకి అసలే తిప్పకూడదు.
3. గురి కుదిరి, కాల్చాలని నిర్ణయించుకునేదాకా వేలు ట్రిగ్గర్ మీద ఉండకూడదు.
4. టార్గెట్ ఏంటో, దాని వెనక ఏముందో తెలియకుండా కాల్చకూడదు.

వీటితో పాటు ‘స్టాప్’ అని వినపడగానే ఎక్కడున్నవాళ్లు అక్కడే ఆగిపోవాలి. రైఫిల్ కింద పెట్టేటప్పుడు చాంబర్‌లో రంగు సేఫ్టీ ఫ్లాగ్ పెట్టాలి. చెవులకు, కళ్లకు రక్షణ తప్పనిసరి.

అతి నమ్మకం ఉన్న కుర్రాడికి ఈ రోజు బోర్ కొడుతుంది. కోచ్ గమనించేది సరిగ్గా దాన్నే. గుండు లేని రైఫిల్‌తో గంటసేపు ఓపికగా ఉండలేనివాడికి గుండున్న రైఫిల్ ఇవ్వకూడదు.

వాదించొద్దు.. కాగితం చూపించండి

‘తమ్మీ, నీకు రాదు’ అంటే ఏ తమ్ముడూ ఒప్పుకోడు. ఇంకా మొండికేస్తాడు. కాగితం అలా కాదు, అది ఎవరి ముఖం చూసీ మాట్లాడదు. అందుకే కోచ్‌లు కొన్ని పరీక్షలు పెడతారు.

పది గుండ్ల పరీక్ష: ఒకే టార్గెట్ మీద పది షాట్లు. మొదటిది 10 పడొచ్చు. కుర్రాడు తొడగొడతాడు. మిగతా తొమ్మిది ఎక్కడ పడ్డాయో చూపిస్తే సౌండ్ ఆగిపోతుంది. ఒక్క షాట్ అదృష్టం కావచ్చు. పది షాట్లు ఎంత దగ్గరగా పడ్డాయన్నదే అసలు స్కిల్. దీన్నే గ్రూపింగ్ అంటారు.

తెల్ల కాగితం పరీక్ష: టార్గెట్‌ను వెనక్కి తిప్పి పెడతారు. చుక్క లేదు, వలయాలు లేవు, పాయింట్లు లేవు. చాలామందికి గ్రూప్ ఇక్కడే చిన్నదవుతుంది. పాయింట్ల ఆశ లేనప్పుడు వేలు తొందరపడదు కాబట్టి.

డమ్మీ గుండు పరీక్ష: పాయింట్ 22 రైఫిల్‌లో కోచ్ తానే లోడ్ చేస్తాడు. కొన్నిసార్లు అసలు గుండు, కొన్నిసార్లు డమ్మీ. ఏది ఉందో కాల్చేవాడికి తెలియదు. డమ్మీ వచ్చినప్పుడు బ్యారెల్ ఒక్కసారిగా కిందికి ఊగిందంటే పేలుడుకు ముందే ఒళ్లు బిగుసుకుంటోందన్నమాట. ‘నాకు భయం లేదు’ అన్నవాడికి దీనికి మించిన జవాబు లేదు. ఇది రేంజ్‌లో కోచ్ మాత్రమే చేయించాలి.

ఇక్కడ కోచ్‌కూ ఒక రూల్ ఉంది. పరీక్ష పెట్టేది నలుగురి ముందు పరువు తీయడానికి కాదు. నవ్వితే కుర్రాడు రేపు రాడు. ‘ఇది అందరికీ ఉంటది, పోగొట్టుకుందాం’ అంటే వస్తాడు.

పొజిషన్: కండ కాదు, ఎముక మోయాలి

జిమ్ చేసే కుర్రాళ్లు చేసే మొదటి పొరపాటు రైఫిల్‌ను గట్టిగా బిగించి పట్టడం. కండరం అలసిపోతుంది, వణుకుతుంది. ఎముక అలసిపోదు. నిలబడి కాల్చేటప్పుడు ఎడమ మోచెయ్యి నడుము ఎముక మీద ఆనుతుంది. కుడిచేతి వాటం వాళ్లకు రైఫిల్ బరువు ఆ చెయ్యి మీదుగా నడుముకు, అక్కడి నుంచి కాలికి, నేలకు దిగుతుంది. పడుకుని కాల్చేటప్పుడు మోచేతులు, పట్టీ కలిసి మోస్తాయి.

పొజిషన్ సరిగ్గా ఉందో లేదో తెలుసుకునే చిట్కా ఇది. గురి చూడండి. కళ్లు మూసుకోండి. రెండుసార్లు ఊపిరి తీసి వదలండి. ఒళ్లు వదులు చేయండి. ఇప్పుడు కళ్లు తెరవండి. సైట్ ఇంకా టార్గెట్ మీదే ఉంటే ఓకే. పక్కకు పోయి ఉంటే మీ శరీరం సహజంగా చూస్తున్నది అటువైపే. అప్పుడు చేత్తో లాగి సరిచేయకండి. పాదాలు జరపండి, పడుకుని ఉంటే నడుము జరపండి. చేత్తో లాగి కాల్చిన గుండు, చెయ్యి వదులైన క్షణంలో మళ్లీ పక్కకే పోతుంది.

కన్ను: చూడాల్సింది టార్గెట్‌ని కాదు

వినడానికి విచిత్రంగా ఉంటుంది కానీ నిజం. కన్ను ఒకేసారి దగ్గరివి, దూరానివి రెండూ స్పష్టంగా చూడలేదు. పోటీ రైఫిల్‌లో స్పష్టంగా కనబడాల్సింది ముందు సైట్. టార్గెట్ కొంచెం మసకగా ఉన్నా ఫర్వాలేదు. వెనక సైట్ రంధ్రం మధ్యలో ముందు సైట్ వలయం, ఆ వలయం మధ్యలో నల్లటి టార్గెట్. అన్నీ ఒకే కేంద్రం చుట్టూ ఉండాలి.

మీ బలమైన కన్ను ఏదో ముందే తెలుసుకోవాలి. రెండు చేతులు చాపి, వేళ్ల మధ్య చిన్న సందు చేసి దూరంగా ఉన్న కరెంటు స్తంభాన్ని చూడండి. ఒక్కో కన్ను మూయండి. ఏ కన్ను తెరిచినప్పుడు స్తంభం సందులోనే ఉందో అదే మీ బలమైన కన్ను.

గురి చూస్తూ ఎక్కువసేపు ఉండిపోవద్దు. కొన్ని సెకన్లలో షాట్ కుదరకపోతే రైఫిల్ దించేయాలి. ‘ఎలాగోలా కొట్టేద్దాం’ అని కాల్చిన షాట్‌కు 10 రావడం అరుదు. దించడం ఓటమి కాదు. పెద్ద ప్లేయర్లు కూడా ఒలింపిక్స్‌లో రైఫిల్ దించి మళ్లీ మొదలుపెడతారు.

ఊపిరి, ట్రిగ్గర్, ఆ తర్వాతి ఒక సెకను

ఊపిరి తీసినప్పుడు ఛాతీ లేస్తుంది, రైఫిల్ కదులుతుంది. అందుకే మామూలుగా ఊపిరి వదిలాక వచ్చే సహజ విరామంలో కాల్చాలి. గాలి నిండా పీల్చి బిగబట్టడం సినిమా స్టైల్. అలా చేస్తే కొద్ది సెకన్లకే చూపు మసకబారుతుంది, గుండె దడ సైట్‌లో కనిపిస్తుంది.

ట్రిగ్గర్‌ను లాగకూడదు, నొక్కాలి. వేలి మొదటి కణుపు మెత్తటి భాగంతో, నేరుగా వెనక్కి, నెమ్మదిగా. సైట్ 10 మీద ఉన్న క్షణాన్ని పట్టుకుందామని వేలు గుంజడమే కొత్తవాళ్ల అతిపెద్ద తప్పు. సైట్ ఎప్పుడూ కొద్దిగా ఊగుతూనే ఉంటుంది. ఒలింపిక్ ఛాంపియన్‌కూ ఊగుతుంది. ఆ ఊగడాన్ని ఒప్పుకుని మెత్తగా నొక్కితే గుండు దగ్గర్లోనే పడుతుంది. గుంజితే వలయాలు దాటుతుంది.

షాట్ పేలాక కూడా పని అయిపోలేదు. ఎయిర్ రైఫిల్ పెల్లెట్ సెకనుకు దాదాపు 170 మీటర్ల వేగంతో పోతుంది. ట్రిగ్గర్ నొక్కాక అది బ్యారెల్ దాటడానికి కొంత సమయం పడుతుంది. ఆ లోపు తల ఎత్తి ‘ఎక్కడ పడింది?’ అని చూస్తే రైఫిల్ కదిలిపోతుంది. అందుకే పేలాక కనీసం ఒక సెకను అలాగే, అదే చూపుతో ఉండాలి. దీన్ని ఫాలో త్రూ అంటారు.

ఆ సెకనులో ఇంకో పని ఉంది. స్క్రీన్ చూడకముందే షాట్ ఎక్కడ పడిందో చెప్పాలి. ‘తొమ్మిది, కుడివైపు కింద’ అని. దీన్ని కాల్ చేయడం అంటారు. పది షాట్లలో ఎనిమిదింటిని సరిగ్గా కాల్ చేయగలిగినవాడు తన తప్పు తానే పట్టుకోగలుగుతాడు. అప్పటిదాకా వచ్చిన 10లు అతని సొంతం కావు.

ముందు గ్రూప్, తర్వాతే జీరో

గుండ్లు ఎడమవైపు పడుతున్నాయని కొత్తవాడు వెంటనే సైట్ తిప్పేస్తాడు. తర్వాతిది కుడివైపు పడితే మళ్లీ తిప్పుతాడు. సాయంత్రానికి రైఫిల్ పాడైందంటాడు.

రూల్ సింపుల్. ఐదు షాట్లు ఒకేచోట గుంపుగా పడేదాకా సైట్ ముట్టుకోవద్దు. చెల్లాచెదురుగా పడితే తప్పు మనిషిది. గుంపుగా పడి, ఆ గుంపు మొత్తం పక్కకు ఉంటే తప్పు సైట్‌ది. అప్పుడు గుంపు మధ్య బిందువు నుంచి టార్గెట్ మధ్యకు ఎంత దూరమో కొలిచి, అన్ని క్లిక్‌లు తిప్పాలి. దీన్నే జీరో చేయడం అంటారు.

ఇప్పుడు దూరం సంగతి: గురుత్వం, గాలి, ఎండమావి

పునాది కుదిరాకే లాంగ్ రేంజ్ పాఠం. ఇక్కడ కొత్తగా మూడు వస్తాయి.

గుండు కింద పడుతుంది: గుండు గీత గీసినట్టు నేరుగా పోదు. బ్యారెల్ దాటగానే భూమి లాగడం మొదలుపెడుతుంది. 100 మీటర్లకు జీరో చేసిన 7.62 రైఫిల్‌తో సైట్ మార్చకుండా 300 మీటర్ల టార్గెట్ కొడితే గుండు దాదాపు 40 నుంచి 50 సెంటీమీటర్లు కింద పడుతుంది. 500 మీటర్ల దగ్గర అది దాదాపు మనిషి ఎత్తంత తేడా. అందుకే దూరం ఎంతో ముందే కొలవాలి. కంటి అంచనా పనికిరాదు.

గాలి పక్కకు తోస్తుంది: గంటకు 15 కిలోమీటర్ల గాలి పక్కనుంచి వీస్తే పాయింట్ 22 గుండు 50 మీటర్ల దగ్గరే ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్లు జరుగుతుంది. అక్కడ 10 వలయం వెడల్పే సెంటీమీటరు. అదే గాలికి 7.62 గుండు 300 మీటర్ల దగ్గర సుమారు 20 సెంటీమీటర్లు, 500 మీటర్ల దగ్గర అర మీటరుకు పైగా పోతుంది. దూరం రెట్టింపయితే గాలి దెబ్బ రెట్టింపు కంటే ఎక్కువ ఉంటుంది. ఎందుకంటే గుండు వేగం తగ్గుతూ పోతుంది, గాలికి దొరికే సమయం పెరుగుతూ పోతుంది.

గాలిని చదవడం ఊరివాళ్లకు కొత్తేం కాదు. వడ్లు తూర్పారబట్టేటప్పుడు గాలి ఎటు ఉందో, ఎప్పుడు ఆగిందో చూసే చేటపట్టిన కన్నే ఇక్కడా కావాలి. రేంజ్‌లో అందుకోసం చిన్న జెండాలు కడతారు. మీ దగ్గర ఒకలా, టార్గెట్ దగ్గర ఇంకోలా వీయొచ్చు. గాలి మారితే ఆగండి. మీరు ప్రాక్టీస్ చేసిన గాలి మళ్లీ వచ్చినప్పుడే కాల్చండి.

ఎండ బొమ్మను కదిలిస్తుంది: మెదక్ ఎండాకాలం మధ్యాహ్నం తారు రోడ్డు మీద నీళ్లున్నట్టు మెరుస్తుంది కదా. స్కోప్‌లో టార్గెట్ కూడా అలాగే ఈదుతున్నట్టు కనిపిస్తుంది. ఆ ఆవిరి ఎటు పారుతోందో చూసి గాలి దిశ చెప్పేవాళ్లు ఉన్నారు. కొత్తవాళ్లకు మాత్రం పొద్దున పూటే మంచిది.

వీటన్నిటినీ నోట్‌బుక్‌లో రాయాలి. తేదీ, దూరం, గాలి, ఎండ, గుండు రకం, సైట్ సెట్టింగ్, ఏం కాల్ చేశారు, ఎక్కడ పడింది. జ్ఞాపకం మనకు నచ్చిన షాట్లనే దాచుకుంటుంది. పుస్తకం అన్నీ దాస్తుంది.

600కు 595 వచ్చినా సరిపోలేదు.. గగన్ నారంగ్ కథ

‘నేను పదిలో ఎనిమిది కొడతా’ అనే ధీమా ఉన్నవాళ్లు హైదరాబాదీ షూటర్ గగన్ నారంగ్ లెక్క చూడాలి.

2003లో హైదరాబాద్‌లో జరిగిన ఆఫ్రో-ఆసియన్ గేమ్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో గోల్డ్ గెలిచారు గగన్. ఐదేళ్ల తర్వాత 2008 బీజింగ్ ఒలింపిక్స్. క్వాలిఫికేషన్‌లో 60 షాట్లు, 600 పాయింట్లు. గగన్‌కు 595 వచ్చాయి. అంటే పోయినవి ఐదే పాయింట్లు. అయినా ఫైనల్‌కు వెళ్లలేకపోయారు. అదే రోజు 596 సాధించిన అభినవ్ బింద్రా ఫైనల్‌కు వెళ్లి, చివరి షాట్‌లో 10.8 కొట్టి, వ్యక్తిగత విభాగంలో భారత్‌కు తొలి ఒలింపిక్ స్వర్ణం తెచ్చారు. క్వాలిఫికేషన్‌లో ఇద్దరి మధ్య తేడా ఒక్క పాయింటు.

గగన్ మళ్లీ ఆ 10 మీటర్ల లైన్ దగ్గరికే వెళ్లారు. 2010 ఢిల్లీ కామన్వెల్త్ గేమ్స్‌లో నాలుగు స్వర్ణాలు గెలిచారు. 2012 లండన్‌లో 598తో ఫైనల్ చేరి, మొత్తం 701.1 పాయింట్లతో కాంస్యం సాధించారు. ఐదు పాయింట్లు పోగొట్టుకున్న చోట రెండే పోగొట్టుకోవడానికి నాలుగేళ్లు పట్టింది.

హైదరాబాద్‌కే చెందిన ధనుష్ శ్రీకాంత్ వినికిడి లోపంతో పుట్టారు. 2022లో బ్రెజిల్‌లో జరిగిన డెఫ్లింపిక్స్‌లోనూ, 2025 టోక్యో డెఫ్లింపిక్స్‌లోనూ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో స్వర్ణాలు గెలిచారు. 50 మీటర్ల విషయానికొస్తే 2024 పారిస్‌లో మహారాష్ట్ర షూటర్ స్వప్నిల్ కుసాలే త్రీ పొజిషన్స్‌లో కాంస్యం తెచ్చారు. మోకాలి మీద, పడుకుని, నిలబడి.. మూడు రకాలుగా కాల్చే ఈవెంట్ అది.

నిజాంపేట నుంచి దారి ఎటు?

ఇక్కడ చెప్పేది బాచుపల్లి పక్కనున్న నిజాంపేట గురించి కాదు, రామాయంపేట దగ్గరి మెదక్ జిల్లా నిజాంపేట గురించి. ఊళ్లో రేంజ్ లేదని నిరాశ పడక్కర్లేదు.

- ఎన్‌సీసీ: మీ బడిలో, కాలేజీలో ఎన్‌సీసీ ఉంటే చేరండి. పాయింట్ 22 రైఫిల్‌తో ఫైరింగ్ నేర్పుతారు. గ్రూపింగ్ కొలుస్తారు. ఖర్చు తక్కువ, క్రమశిక్షణ ఎక్కువ.
- రేంజ్: హైదరాబాద్ గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంగణంలో స్పోర్ట్స్ అథారిటీ షూటింగ్ రేంజ్ ఉంది. గగన్ నారంగ్ 2011లో మొదలుపెట్టిన గన్ ఫర్ గ్లోరీ అకాడమీ కూడా కొత్తవాళ్లకు శిక్షణ ఇస్తుంది. మొదట్లో సొంత రైఫిల్ కొనకండి. క్లబ్ రైఫిల్‌తో కొన్ని నెలలు చేశాకే నిర్ణయం తీసుకోండి.
- పోటీలు: రాష్ట్ర రైఫిల్ అసోసియేషన్ పోటీలతో మొదలు. అక్కడ అర్హత స్కోరు వస్తే జీవీ మావలంకర్ లాంటి ప్రీ-నేషనల్ టోర్నీలు, ఆ తర్వాత నేషనల్స్. 1951లో ఏర్పడిన నేషనల్ రైఫిల్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా వీటిని చూస్తుంది.
- ఇంట్లో ప్రాక్టీస్: రైఫిల్ లేకున్నా బ్యాలెన్స్, నడుము బలం, ఊపిరి వ్యాయామాలు చేయొచ్చు. నీళ్ల సీసా పట్టుకుని ఒక నిమిషం కదలకుండా నిలబడి చూడండి.

తరచూ అడిగే ప్రశ్నలు

గేమ్ ఆడితే షూటింగ్ వస్తుందా?
టార్గెట్ మీద దృష్టి పెట్టడం అలవాటు కావొచ్చు. కానీ గేమ్‌లో రైఫిల్ బరువు లేదు, ఊపిరి లేదు, గుండె దడ లేదు. మిస్ అయిన గుండు ఎవరికీ తగలదు. అసలు తేడా అదే.

కళ్లద్దాలు ఉంటే కుదరదా?
కుదురుతుంది. షూటింగ్ కోసం ప్రత్యేక లెన్స్ వాడేవాళ్లు చాలామంది ఉన్నారు.

గుండు లేకుండా ట్రిగ్గర్ ప్రాక్టీస్ చేయొచ్చా?
చేయాలి కూడా. పోటీ ఎయిర్ రైఫిళ్లలో దానికి ప్రత్యేక మోడ్ ఉంటుంది. కానీ స్ప్రింగ్ ఎయిర్ గన్‌ను, పాయింట్ 22ను ఉత్తగా కాల్చితే దెబ్బతినొచ్చు. కోచ్‌ని అడిగే చేయండి.

ఎన్ని రోజులకు లాంగ్ రేంజ్ ఇస్తారు?
రోజుల లెక్క లేదు. చెప్పకుండానే భద్రతా రూల్స్ పాటించాలి. గ్రూప్ ప్రతివారం ఒకేలా రావాలి. షాట్‌ను ముందే కాల్ చేయగలగాలి. కుదరని షాట్‌ను దించేయగలగాలి. ఈ నాలుగూ వచ్చినవాడికి దూరం పెంచుతారు.

పిల్లవాడికి అతి నమ్మకం ఉంది. చేర్పించొచ్చా?
నిస్సంకోచంగా. నమ్మకం చెడ్డది కాదు, పోటీలో అది కావాలి. అయితే అది జాతరలో పగిలిన బెలూన్ల మీద కాకుండా, నోట్‌బుక్‌లో రాసుకున్న షాట్ల మీద నిలబడాలి. ఆ నోట్‌బుక్ మొదటి పేజీలో దూరం దగ్గర రాసేది మాత్రం 10 మీటర్లే.